ఊరికే వాదించిన లాయరు

కనకదుర్గ వచ్చి గంట దాటింది. భవిత ఇచ్చిన కాఫీ టీపాయ్ మీదే చల్లారి మీగడ కట్టింది. పళ్ళెంలో పెట్టిన జంతికలు కూడా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఆమె కోపంగా రాలేదు. భవితకు అదే కష్టంగా ఉంది. కోపంతో వచ్చిన మనిషికైతే ఏదో ఒక బదులు చెప్పవచ్చు. ఈవిడ ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, గుడికి కట్టుకునే చీర కట్టుకుని, గుడి మానేసి ఇక్కడికొచ్చి కూర్చుంది.

"నువ్వు సరేనన్నాకే నేనీ ఇంట్లో మంచినీళ్ళు ముట్టేది," అని గుమ్మంలోనే చెప్పింది. ఆ తర్వాత తొందరపెట్టలేదు.

కౌశిక్ కిటికీ దగ్గర నిలబడి డ్రైవ్‌వే అంచున నల్లబడిపోయిన మంచు కుప్పను చూస్తున్నాడు. అక్కడ చూడటానికేమీ లేదు. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో అతను రెండేళ్ళు మేనమామ చక్రపాణి ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నాడు. ఆ రెండేళ్ళూ కనకదుర్గత్తయ్యే అతనికి లంచ్ బాక్స్ కట్టి పంపింది. ఆవిడ ముందు అతనికి నోరు పెగలదు.

ఆ చక్రపాణి మీదే భవిత కేసు వేసింది.

ఆయన కన్సల్టింగ్ కంపెనీ ద్వారానే ఆమె హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేసేది. కౌశిక్‌తో పెళ్ళయిన కొన్నాళ్ళకు జీతం ఆగిపోయింది. ప్రాజెక్టు లేదు, బెంచ్ మీదున్నావు, కాస్త ఓపిక పట్టమన్నాడు చక్రపాణి. అలా ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ ఆమె రోజూ ఆఫీసుకు వెళ్ళి, ఆయన కంపెనీ అమ్మబోయే సొంత సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేసి పెట్టింది. జీతం అడిగితే, ఇప్పుడు మనింటి పిల్లవి, నీకూ నాకూ లెక్కలేమిటని నవ్వాడు. మళ్ళీ అడిగితే నవ్వలేదు, వీసా మాటెత్తాడు. అప్పుడే ఆమె వేరే కంపెనీకి మారింది. మారిన తర్వాత కోర్టుకెళ్ళింది.

రేపు డెట్రాయిట్‌లో మధ్యవర్తి ముందు రెండు పక్షాలూ కూర్చోవాలి. అక్కడ కుదరకపోతే వచ్చే నెలలో విచారణ. ఈలోగా చక్రపాణి ఒక ప్రతిపాదన పంపాడు. భవిత జీతం మొత్తం ఇస్తాడు, దాని మీద ఇంకొంత కలిపి ఇస్తాడు. ఒకటే షరతు. తన లాయర్‌కు రావలసిన ఫీజూ కోర్టు ఖర్చులూ అడగనని భవిత సంతకం పెట్టాలి.

"ఆ లాయరమ్మాయి నీ దగ్గర ఒక్క డాలరైనా తీసుకుందా?" అని అడిగింది కనకదుర్గ.

"లేదత్తయ్యా."

"గెలిస్తే నీ డబ్బులో వాటా ఇస్తానన్నావా?"

"అదీ లేదు."

"మరి నువ్వు పెట్టని ఖర్చు ఆయనెందుకు కట్టాలమ్మా? ఊరికే వాదించిన మనిషికి ఫీజేమిటి?"

ఈ ప్రశ్న భవితకు కొత్త కాదు. మొదటిసారి శ్రీవిద్య ఆఫీసులో కూర్చున్నప్పుడు తనూ ఇదే అడిగింది.

అంతకు ముందు కౌశిక్, తను కలిసి డెట్రాయిట్ పక్కనే ఉన్న ట్రాయ్‌లో ఒక లాయర్ని కలిశారు. ఆయన ముందుగా ఏమీ కట్టక్కర్లేదు, గెలిస్తే మూడో వంతు తీసుకుంటానన్నాడు. తర్వాత ఎంత రావాలో విని మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. అందులో మూడో వంతంటే తన ఆఫీసు ఖర్చులకే చాలదట, ఏమీ అనుకోవద్దన్నాడు. ఇంకొకరు గంటకింత అన్నారు. ఆ అంకె విన్నాక కౌశిక్ దారిలో కారు రేడియో కూడా పెట్టలేదు. చివరికి ఎవరో చెబితే డెట్రాయిట్‌లో ఒక చిన్న న్యాయ సహాయ కేంద్రానికి వెళ్ళారు. జీతాలు ఎగ్గొట్టిన కేసులే వాళ్ళు చూస్తారు, డబ్బు తీసుకోరు. అక్కడ శ్రీవిద్య కనిపించింది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. భవిత తెలుగుదని తెలిశాక పట్టుబట్టి తెలుగులోనే మాట్లాడింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి కాని ఒక్కటీ అబద్ధం కాదు.

జీతం ఎగ్గొట్టిన యజమాని కేసు ఓడిపోతే, అవతలివాళ్ళ లాయర్ ఫీజు కూడా అతనే కట్టాలని చట్టంలో ఉందని ఆమె చెప్పింది. లాయరు కక్షిదారు దగ్గర ఏమీ తీసుకోకపోయినా సరే, బయట అంత పనికి ఎంత అవుతుందో చూసి కోర్టు లెక్క కడుతుందట. అది శ్రీవిద్య జేబులోకి పోదు. కేంద్రానికి వస్తుంది. దానితోనే వాళ్ళు తర్వాతి కేసు తీసుకుంటారు.

"నీకు ఫ్రీ," అంది శ్రీవిద్య ఆ రోజు. "వర్క్ ఫ్రీ కాదు. తప్పు చేసినవాళ్ళు పే చేయాలి, అంతే."

భవిత ఇదంతా తనకు చేతనైనట్టు కనకదుర్గకు చెప్పింది. ఆవిడ ఓపికగా విన్నది. విన్నాక చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంది.

"చట్టాలు నాకు తెలీవమ్మాయ్. ఆయన మాత్రం తెలుసు. నీకిస్తే మనింట్లో డబ్బు మనింట్లోనే ఉన్నట్టు అనుకుంటారు. వాళ్ళకిస్తే ఓడిపోయినట్టు. అది ఆయన వల్ల కాదు."

"ఓడిపోయారు కదత్తయ్యా," అంది భవిత. గొంతు పెంచలేదు. "నాకు ఇవ్వాల్సింది ఉందని ఆయనే ఒప్పుకుంటున్నారు. మనింట్లో డబ్బే అయితే ఐదు నెలలు ఎందుకివ్వలేదు?"

కనకదుర్గ చీర చెంగు వదిలేసింది. లేచి నిలబడింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే కౌశిక్ వెళ్ళి కోటు పట్టుకున్నాడు. ఆవిడ చేతులు తొడిగి, బొత్తాలు పెట్టుకుని, అతని ముఖంలోకి చూసింది.

"భార్య మాటే నీ మాటా, నాయనా?"

అతను తలుపు తీశాడు. ఆవిడ మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది.

కారు వీధి మలుపు తిరిగేదాకా కౌశిక్ తలుపు మూయలేదు. ఇంట్లోకి చలి వచ్చేసింది.

"తీసుకుంటే పోయేదేముంది?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

భవిత కాఫీ కప్పు సింక్‌లో ఒంపింది. ఈ మాట ఎప్పుడొస్తుందా అని శుక్రవారం నుంచీ ఎదురుచూస్తోంది. వచ్చాక కొంత తేలికపడింది కూడా.

అతని భయాలన్నీ బయటికి వచ్చాయి. విచారణ దాకా వెళ్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు? జడ్జి ఆ ఐదు నెలల పనిని పనిగా చూడకపోతే? ఓడితే అవతలివాళ్ళ కోర్టు ఖర్చులు కొన్ని మన నెత్తిన పడతాయని శ్రీవిద్యే కదా చెప్పింది. చేతికొచ్చింది వదిలేసి వేరేవాళ్ళ ఫీజు కోసం పోరాడటం తనకు అర్థం కావడం లేదన్నాడు. తను మావయ్య వైపు మాట్లాడటం లేదని రెండుసార్లు చెప్పాడు.

"శ్రీవిద్య కూడా తీసుకోమనే అంది కదా," అన్నాడు చివరికి.

"తీసుకోమనలేదు. తీసుకోవచ్చంది."

శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో శ్రీవిద్య ఆ ప్రతిపాదనను ఒక్కో ముక్కా చదివి వినిపించింది. తర్వాత, ఈ విషయంలో తను సలహా చెప్పకూడదంది. ఫీజు తమ కేంద్రానిది కాబట్టి తన మాటలో స్వార్థం కలవొచ్చు. వేరే లాయరు పేరు ఇచ్చి ఆయనను అడగమంది. ఆయన్నీ అడిగింది భవిత. సంతకం పెట్టకూడదనే నియమమేమీ లేదు, నిర్ణయం పూర్తిగా మీదే అన్నాడాయన.

"నువ్వు యెస్ అన్నా నేను కోపం అవ్వను, భవితా. రియల్‌గా," అంది శ్రీవిద్య ఫోన్ పెట్టేసే ముందు. ఆ గొంతులో అలసట ఉంది. అడగకూడనిది అడగకుండా ఉండటానికి మనిషి ఎంత బిగబట్టుకోవాలో అప్పుడు తెలిసింది భవితకు.

ఇప్పుడామె తడి చేతులు తుడుచుకుని కౌశిక్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మావయ్యను ప్రశ్నలడిగిన రోజు నువ్వు రాలేదు. నేనున్నాను," అంది.

విచారణకు ముందు చక్రపాణి ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చిన రోజది. అవతల ముగ్గురు లాయర్లు, ఇవతల శ్రీవిద్య ఒక్కతే. ఆ ఐదు నెలలూ భవిత ఏం చేసిందని అడిగితే చక్రపాణి, ఏమీ లేదు, ఆఫీసులో కూర్చునేది అన్నాడు. శ్రీవిద్య కోపగించుకోలేదు. ఫలానా వారం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫలానా తప్పు ఎవరు కనిపెట్టారు అని అడిగింది. తర్వాతి వారం? ఆ తర్వాతి వారం? ప్రతిదానికీ ఆయన భవిత పేరే చెప్పవలసి వచ్చింది. అయినా పని అనడానికి ఆయనకు నోరు రాలేదు. సాయం చేసింది అన్నాడు, నేర్చుకుంది అన్నాడు. మధ్యాహ్నం దాటాక, కుర్చీలో వెనక్కి వాలి, సరే, పనిచేసింది అన్నాడు.

"ఆ ఒక్క మాట ఆయనతో అనిపించడానికి ఆ పిల్ల పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు," అంది భవిత. "ఆ మాట విన్నాకే నేను మళ్ళీ మనిషినయ్యాను, కౌశిక్. అంతకు ముందు నాకే అనుమానంగా ఉండేది, నిజంగానే ఊరికే కూర్చున్నానేమోనని."

అతను తల వంచుకున్నాడు.

"నా పని పని కాదన్నాడాయన. ఇప్పుడు ఆమె పని పని కాదని నాతోనే సంతకం పెట్టించుకుంటానంటున్నాడు. నేను పెట్టను. ఓడిపోతే ఓడిపోయాననుకుంటాను. ఆ రోజుల్లో సర్దుకోమన్నావు, సర్దుకున్నాను. ఇంక ఆ మాట నాతో అనకు."

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తిన్నారు. పెరుగు గిన్నె అతనే ఆమె వైపు జరిపాడు.

మర్నాడు డెట్రాయిట్ వెళ్ళేటప్పుడు డ్రైవ్ చేసింది అతనే. వస్తావా అని ఆమె అడగలేదు. ఆఫీసుకు సెలవు పెట్టానని అతనూ చెప్పలేదు. కారు ఫ్రీవే దిగాక మాత్రం, శ్రీవిద్యకు కాఫీ ఏదైనా తీసుకెళ్దామా అని అడిగాడు.

మధ్యవర్తి ఒక రిటైరయిన జడ్జి. తెల్లటి జుట్టు, మెత్తటి నడక. రెండు పక్షాలనూ రెండు గదుల్లో కూర్చోబెట్టి ఆవిడ అటూ ఇటూ తిరిగింది. ప్రతిసారీ అదే కబురు. జీతం ఇస్తారు, ఇంకా కొంత పెంచుతారు కూడా. ఫీజు మాత్రం లేదు. భవిత ప్రతిసారీ కుదరదని చెప్పింది. శ్రీవిద్య పక్కనే కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ జవాబు తనకు సంబంధం లేనిదన్నట్టు గోడకేసి చూసింది.

చివరికి చక్రపాణి తనే భవితతో తెలుగులో మాట్లాడతానన్నాడట. అందరినీ ఒకే గదిలో చేర్చారు. కంపెనీలో కనకదుర్గ కూడా భాగస్వామే కాబట్టి ఆవిడ భర్త పక్కన కూర్చుంది. చక్రపాణి లాయరుకు తెలుగు రాదు. ఆయన తన క్లయింటు ముఖం చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

చక్రపాణి మంచి మాటకారి. తను ఈ దేశం ఎలా వచ్చిందీ, ఎన్ని చలికాలాలు తిరిగి ఈ కంపెనీ నిలబెట్టిందీ, ఎంతమంది పిల్లలకు వీసాలు చేయించి దారి చూపించిందీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. భవితకూ ఆయనే దారి చూపించాడు. ఆమె అది కాదనలేదు.

"నీకెంత కావాలో అడుగమ్మా, ఇస్తాను," అన్నాడు. "ఊళ్ళోవాళ్ళకు కట్టమనకు. ఫ్రీగా చేస్తామని బోర్డు పెట్టుకున్నవాళ్ళు ఫ్రీగానే చేయాలి."

"నాకు ఫ్రీగానే చేశారు మావయ్యా. మీకు కాదు."

చక్రపాణి కుర్చీలో ముందుకు జరిగాడు.

"నా జీతం మీ దగ్గర ఎన్ని నెలలుందో, అన్ని నెలలూ నేను లాయర్ని పెట్టుకోలేననే ధైర్యం కూడా మీ దగ్గరుంది," అంది భవిత. "అది తప్పని తేలాలి. నాకు ఎక్కువేమీ వద్దు. నా జీతం నాకివ్వండి, వాళ్ళ ఫీజు వాళ్ళకివ్వండి. లేదంటే విచారణకే వెళ్దాం."

చక్రపాణి ఆమెను వదిలి మేనల్లుడి వైపు తిరిగాడు. "ఏరా, నువ్వేమంటావు?"

కౌశిక్ అత్తయ్యకేసి చూశాడు. తర్వాత మావయ్యకేసి చూశాడు.

"తన కేసు మావయ్యా. తను చెప్పింది విన్నారుగా." కొంచెం ఆగి అన్నాడు. "నాకూ అదే న్యాయమనిపిస్తోంది."

భవిత అతని వైపు చూడలేదు. చూస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని తెలుసు. టేబుల్ కింద అతని చెయ్యి దొరికితే గట్టిగా పట్టుకుంది.

మళ్ళీ ఎవరి గదికి వాళ్ళు వెళ్ళారు. ఈసారి మధ్యవర్తి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒప్పుకున్నారంది. భవిత జీతం మొత్తం. దానికి వేరుగా, న్యాయ సహాయ కేంద్రం పెట్టిన ఖర్చులు మొత్తం, లాయరు ఫీజు. ఫీజులో కొంత తగ్గించమంటున్నారు.

అది తను తేల్చుకోవలసిన మాట కాబట్టి శ్రీవిద్య ఆ రోజు మొదటిసారి బేరంలో నోరు విప్పింది. కొద్దిగా తగ్గింది, అక్కడ ఆగింది. మధ్యవర్తి వెళ్ళి, సరేనన్నారని కబురు తెచ్చింది. ఆవిడ గది దాటాక శ్రీవిద్య లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. భవిత దగ్గరకు వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"ఇది ఎవ్వరూ చెయ్యరు," అంది శ్రీవిద్య ముక్కు తుడుచుకుంటూ. "క్లయింట్స్... వాళ్ళ డబ్బు వాళ్ళకి వస్తే సంతకం పెట్టేస్తారు. నేను బ్లేమ్ చెయ్యను. వాళ్ళకి అవసరం. కానీ నువ్వు పెట్టలేదు."

భవితకు ఇంతకాలం ఈ కేసు గురించి తలుచుకున్నప్పుడల్లా ఎక్కడో ఒక మూల సిగ్గుగా ఉండేది. అయినవాళ్ళ మీద కోర్టుకెక్కిందనే మాట గుడి దగ్గర, ఇండియన్ స్టోర్‌లో, వెనక నుంచి వినబడేది. ఇప్పుడు ఆ మాట ఎవరన్నా ఎదురుగా అంటే బాగుండుననిపించింది. అవును, ఎక్కాను అని చెప్పాలనిపించింది.

ఒప్పందం కాగితాలు ప్రింటయి వచ్చాయి. భవిత పెన్ను తీసుకుంది. శ్రీవిద్య ఒక్కో పేజీ చదువుతూ చివరి పేజీలో ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఆ పేరా చదివింది.

"ఇది ముందు లేదు," అంది.

ఇప్పుడే చేర్చారు. ఈ కేసు గురించి, ఈ ఒప్పందం గురించి, భవిత గాని ఆమె భర్త గాని కంపెనీలో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళతో, ఇదివరకు పనిచేసినవాళ్ళతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. మాట్లాడితే ఇచ్చిందంతా వెనక్కి ఇవ్వాలి. ఇలాంటి షరతును జడ్జి ఒప్పుకోకపోవచ్చని, అయినా ఇప్పుడు జవాబు చెప్పవలసింది భవితేనని శ్రీవిద్య వివరించింది. ఈసారి ఇందులో తమ ఫీజుకు సంబంధం లేదు కాబట్టి సలహా కూడా చెబుతానంది.

ఆమె సలహా చెప్పకముందే కౌశిక్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. ఎక్కడికని భవిత అడిగేలోపే తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఇద్దరూ అతని వెనకే వెళ్ళారు.

కారిడార్ చివర లిఫ్ట్ దగ్గర చక్రపాణి కోటు తొడుక్కుంటున్నాడు. తన సంతకాలు అయిపోయినట్టున్నాయి. పక్కన కనకదుర్గ నిలబడి ఉంది. లాయరు కొంచెం దూరంగా ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"మావయ్యా," అన్నాడు కౌశిక్. బేస్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో కూడా అతను ఆయన్ని అంత మెల్లగా పిలవలేదు. "ఎవరితోనూ మాట్లాడొద్దని రాయించారు. తనలాగే జీతం అందక, మేం మాట్లాడితే వినాల్సినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు?"

చక్రపాణి వినిపించుకోనట్టు కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. లిఫ్ట్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.

"పద," అన్నాడు భార్యతో.

కనకదుర్గ కదల్లేదు. ఆవిడ చూపు భవిత చేతిలో ఇంకా ఉన్న పెన్ను మీద ఉంది. అక్కడి నుంచి మెల్లగా భర్త ముఖం మీదికి మళ్ళింది. లిఫ్ట్ తలుపులు ఎవరూ ఎక్కకుండానే మూసుకున్నాయి.

"ఎంతమందో మీరు చెప్తారా," అంది కనకదుర్గ, "నన్ను చెప్పమంటారా?"